ఓర్చుకోమని నేనే అన్నాను

నిరుడు ఆషాఢంలో, లాల్‌దర్వాజ బోనాలకు ఇంకా నాలుగు రోజులుందనగా, మా మరదలు మిట్టమధ్యాహ్నం మా ఇంటికొచ్చింది. కొంగుముడి విప్పి ఒక చిన్న గాజు సీసా నా ముందు పెట్టింది. బియ్యం డబ్బాలో దొరికిందట. "పక్కింటి నర్సక్కకు చూపించిన వదినె. ఆపరేషన్ కాన్పులల్ల బీపీ పడిపోతే ఇచ్చే మందట ఇది. చిన్నోడు పుట్టినప్పుడు నాకు గూడ ఇచ్చే ఉంటరంటున్నది. మరి మీ తమ్మునికెందుకు ఇది?" అని అడిగింది.

సీసా మీద మెఫెంటర్‌మిన్ సల్ఫేట్ అని ఉంది. నడుములో మత్తు సూది ఇచ్చి ఆపరేషన్ చేసేటప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంటుంది. దాన్ని మళ్లీ పైకి తేవడానికి డాక్టర్లు వాడే మందు ఇది. ఆపరేషన్ కాన్పులైన మనలో ఎంతోమంది ఒంట్లోకి మనకు తెలియకుండానే ఎక్కి ఉంటుంది. కాన్పు బల్ల మీద తల్లిని కాపాడే ఈ మందును ఏ జబ్బూ లేని మగపిల్లలు నరాల్లోకి ఎక్కించుకుంటున్నారు. గుండె వేగం పెరుగుతుంది, అలసట తెలియదు, ఆకలీ నిద్రా ఉండవు. క్రీడాకారులకు నిషేధించిన ఉత్ప్రేరకాల జాబితాలో ఇది ఉంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా జిమ్‌ల చుట్టూ తిరిగే కుర్రవాళ్లకు దీన్ని అమ్ముతున్నవాళ్లను హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారన్న వార్తలు కొన్నేళ్లుగా పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. నేనూ ఆ వార్తలు చదివాను. చదివి పేజీ తిప్పేశాను.

పాతబస్తీలో ఒక స్త్రీల సలహా కేంద్రంలో నేను 26 ఏళ్లుగా పనిచేస్తున్నాను. తాగి కొట్టే భర్తల గురించి ఎన్ని వందల మంది స్త్రీలు నా ఎదుట కూర్చుని చెప్పారో లెక్క లేదు. ఎవరి ఇంట్లో ఏం జరుగుతున్నదో ముఖం చూసి చెప్పగలనని నాకొక గర్వం కూడా ఉండేది. నా సొంత తమ్ముడి ఇంట్లో రెండేళ్లుగా జరుగుతున్నది మాత్రం నాకు కనబడలేదు. ఈ వ్యాసం ఆ సంగతి చెప్పుకోవడానికే రాస్తున్నాను. ఇలా రాయవచ్చునా అని మా మరదలిని అడిగాను. పేర్లు లేకుండా రాయమంది. తమ్ముడినీ అడిగాను. "నా గురించి తప్పు రాయకు, ఉన్నది రాయి" అన్నాడు.

ఎందుకు కనబడలేదు? తాగినవాడిని మనం వాసనతో గుర్తుపడతాం, తూలడంతో గుర్తుపడతాం. తరతరాలుగా ఆడవాళ్లకు ఉన్న జ్ఞానం అది. గేటు చప్పుడును బట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో చెప్పగల స్త్రీలు మన బస్తీల్లో ఉన్నారు. ఈ సూది దగ్గర ఆ జ్ఞానం పనికిరాదు. దీనికి వాసన లేదు. మనిషి తూలడు సరికదా, మునుపటికంటే చురుగ్గా కనిపిస్తాడు. మా తమ్ముడు సరుకుల ఆటో నడుపుతాడు. బేగంబజారు నుంచి పాతబస్తీ దుకాణాలకు రాత్రిళ్లు సరుకు దింపుతాడు. రెండు ట్రిప్పులు వేసేవాడు నాలుగు వేయడం మొదలుపెట్టాడు. తెల్లవారుజామున మూడింటికి ఇంటికొచ్చి ఆటో కడిగేవాడు, గోడలకు సున్నం వేసేవాడు, పగలు జిమ్‌కు పోయేవాడు. మేమంతా మురిసిపోయాం. "బిడ్డ పుట్టినంక బాధ్యత తెలిసొచ్చింది" అని మా అమ్మ పక్కవాళ్లతో చెప్పింది. నేనూ అన్నాను. మగవాడు ఎక్కువ పనిచేస్తే అందులో అనుమానించాల్సింది ఉంటుందని మనకెవరు నేర్పారు? ఆటో అప్పు, ఇంటి కిరాయి, పిల్లవాడి బడి ఫీజు, వీటన్నిటినీ ఒక మనిషి ఒంటితో లాగాలంటే ఆ ఒంటికి ఏదో ఒకటి ఎక్కించుకోవాల్సి వస్తుంది. మొదట జిమ్‌లో ఒక స్నేహితుడు కండలు వస్తాయని ఇచ్చాడట. తర్వాత రాత్రి డ్యూటీకి అదే ఆసరా అయింది.

ఆ తర్వాత వచ్చింది అనుమానం. కిటికీలు మూసెయ్యడం, మరదలి ఫోను తీసి చూడడం, ఎదురింటి మేడ మీద ఎవరో తనను కనిపెడుతున్నారనడం. పాలు పోసే మనిషితో ఆమెకు సంబంధం అంటగట్టాడు. ఈ రకం మందులు ఎక్కువకాలం వాడితే తనను ఎవరో వెంటాడుతున్నారన్న భ్రమలు రావడం జరుగుతుంది. మెఫెంటర్‌మిన్ విషయంలో అలాంటి కేసుల గురించి మన దేశంలోని మానసిక వైద్యులు వైద్య పత్రికల్లో రాశారు కూడా. కానీ ఇక్కడొక మాట చెప్పాలి. భార్యను అనుమానించడం మన సమాజంలో జబ్బు లక్షణంగా కనబడదు, మగవాడి స్వభావంగా కనబడుతుంది. పోలీసులు తన వెంట పడుతున్నారని వాడు అని ఉంటే మేము ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోయేవాళ్లం. పెళ్లాం మీద అనుమానం అన్నాడు కాబట్టి ఎనిమిది నెలలు ఆలస్యమైంది. ఆ ఎనిమిది నెలల్లో మరదలి ఎడమచేయి ఒకసారి విరిగింది. మెట్ల మీద జారిందని మాకు చెప్పింది. నమ్మాం.

సీసా చూసిన రోజు నేనేం చేశానో చెప్పాలి. మా కేంద్రానికి ఎవరైనా స్త్రీ విరిగిన చేయితో వస్తే మేము మొదట అడిగే ప్రశ్న ఒకటుంది: ఈ రాత్రి నువ్వు ఎక్కడ పడుకుంటావు? మా మరదలిని నేను ఆ ప్రశ్న అడగలేదు. "కొన్నాళ్లు ఓర్చుకో, వాణ్ణి మనమే దారికి తెచ్చుకుందాం, బయట తెలిస్తే వాడి బతుకు పోతుంది" అన్నాను. 26 ఏళ్లలో ఏ స్త్రీతోనూ అనని మాట. ఎవరైనా అత్తగారు అంటే కోపంతో ఊగిపోయి జవాబు చెప్పిన మాట. నా తమ్ముడనేసరికి అంత సులభంగా నా నోటి నుంచి వచ్చింది. ఆమె ఏమీ అనలేదు. సీసాను మళ్లీ కొంగులో కట్టుకుని పోయింది.

తర్వాత మూడు నెలలు మేము చేసినదంతా తప్పేనని ఇప్పుడనిపిస్తుంది. ఆ తప్పులన్నీ ప్రేమతోనే చేశాం. వాడి జేబులు వెతికాం. తాళం వేసి ఇంట్లో పెట్టాం. పిల్లవాడి తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాం. ఫైనాన్సువాళ్లు వస్తే ఊళ్లో లేడని అబద్ధం చెప్పి, నా గాజులు కుదువపెట్టి ఆటో కిస్తీలు కట్టాను. మా అమ్మ దర్గాకూ గుడికీ రెండింటికీ తిప్పింది. పాతబస్తీలో అది కొత్తేమీ కాదు. చివరికి అందరం ఒక రాత్రి చుట్టూ కూర్చుని నిలదీశాం. వాడు లేచిపోయి మూడు రోజులు ఇంటికి రాలేదు.

అప్పుడే ఎవరో చెబితే ఊరి బయట ఒక ప్రైవేటు కేంద్రంలో చేర్పించాం. నెలకింతని ముందే కట్టించుకున్నారు. రాత్రిపూట నలుగురు మనుషులు వ్యాన్‌లో వచ్చి వాణ్ణి ఎత్తుకుపోయారు. దానికి నేనే సంతకం పెట్టాను. నెల రోజులు చూడనివ్వలేదు, ఫోను చేయనివ్వలేదు. చూసేసరికి కాళ్లకు గొలుసు రాసుకున్న పుండ్లు ఉన్నాయి. డాక్టరనేవాడు అక్కడికి వారానికోసారి కూడా రాడట. ఇంటికొచ్చిన పదోరోజున వాడు మళ్లీ సూది తీసుకున్నాడు. ఇప్పుడు వాడికి మామీద కోపం అదనం.

హక్కుల గురించి ఉపన్యాసాలిచ్చే నాకు, ఆ సంతకం పెట్టే రోజు చట్టం గుర్తుకు రాలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తుమందుల వాడకం వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలో చేర్చింది. 2018 మే 29 నుంచి అది అమల్లో ఉంది. దాని 95వ సెక్షన్ ప్రకారం ఏ రోగినీ ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదు. వైద్యం చేసే ప్రతి కేంద్రానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి. లోపల ఉన్న మనిషికి బయటివాళ్లతో మాట్లాడే హక్కు ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది పాక అంటుకుని పారిపోలేక కాలిపోయారు. ఆ వార్త చదివి మేము ఇక్కడ సభ పెట్టాం. వాళ్లను అక్కడ వదిలినవాళ్లు కూడా విసిగిపోయిన, భయపడిన, వేరే దారి తెలియని అక్కలూ తల్లులే అయ్యుంటారని అప్పుడు నేను ఆలోచించలేదు.

పోలీసులకు చెప్పవచ్చు కదా అని కొందరు మిత్రులు అన్నారు. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీకి ఏం జరిగిందో, దాన్ని అడిగిన ఆమె భర్త అహ్మద్ హుస్సేన్‌ను ఎలా కొట్టి చంపారో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. పాతబస్తీలో పోలీసు జీపు గల్లీలోకి వచ్చిందంటే ఆ ఇంటికి మచ్చ. 2017లో సినిమావాళ్లను ఎక్సైజ్ శాఖ పిలిచి ప్రశ్నించినప్పుడు టీవీలవాళ్లు రోజంతా చూపించారు. మా గల్లీ పిల్లల సంగతి వచ్చేటప్పటికి "పాతబస్తీలో ముఠా" అన్న నాలుగు వాక్యాలు చాలు. ఆ పిల్లలకు తల్లులున్నారనీ భార్యలున్నారనీ ఆ నాలుగు వాక్యాల్లో ఉండదు. చట్టం చదివినవాళ్లు కూడా మరిచిపోయే మాట ఒకటుంది. 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టంలోనే 64ఎ అనే సెక్షన్ ఉంది. ఆ చట్టం కింద వచ్చే మాదకద్రవ్యాలను వాడినందుకో, కొద్ది పరిమాణంలో దగ్గర ఉంచుకున్నందుకో కేసు పడ్డ వ్యసనపరుడు ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో స్వచ్ఛందంగా చికిత్స తీసుకుంటే అతని మీద ఆ కేసు నడపకూడదు. చికిత్స మధ్యలో వదిలేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు. మన సలహా కేంద్రాల్లో ఎందరికి ఈ సంగతి తెలుసు? నాకు తెలియదు.

స్త్రీల ఉద్యమానికి మత్తు గురించి ఒక గొప్ప జ్ఞాపకం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై రోశమ్మ లాంటి స్త్రీలు నడిపిన సారా పోరాటం 1993 అక్టోబర్ 1న సారా నిషేధం తెచ్చింది, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్లింది. 1997కల్లా దాన్ని సడలించేశారు, అది వేరే కథ. నేను ఈ పనిలోకి వచ్చిందే ఆ ఉత్సాహంతో. కానీ ఆ పోరాటం మనకు రెండే జవాబులు అలవాటు చేసిందని నాకిప్పుడు అనిపిస్తున్నది. ఒకటి, దుకాణం మూయించు. రెండోది, ఆ దుకాణం మూయించలేకపోతే ఆ మగవాణ్ణి వదిలెయ్యి. ఈ సూదికి ఏ గల్లీలోనూ దుకాణం లేదు. అది ఒక ఫోన్‌లోంచి ఒక స్కూటర్ డిక్కీలోకి వస్తుంది. ఇక వదిలెయ్యడం అన్నది హక్కు, సందేహం లేదు. కానీ వదిలెయ్యదలుచుకోని స్త్రీకి, ఇంకా నిర్ణయించుకోని స్త్రీకి మన దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు మనం కూడా ఓర్చుకోమనే అంటున్నాం.

చివరికి మాకు ఉపయోగపడినది ఎర్రగడ్డ. పాతబస్తీలో ఎర్రగడ్డ పేరెత్తితేనే పెళ్లిళ్లు ఆగిపోతాయంటారు, నిజంగానే ఆగిపోతాయి. అయినా అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ, అక్కడ మత్తుకు లోనైనవాళ్లకూ వైద్యం ఉంది. వాడంతట వాడే వస్తానన్నాడు. కారణం మా మాటలు కాదు. ఒక రాత్రి గుండె దడతో ఆటోలోనే కూలబడిపోయాడు, భయపడ్డాడు. ఆ భయం ఉన్న రెండు రోజుల్లోనే మేము వాణ్ణి తీసుకుపోగలిగాం. నల్లమందు రకం వ్యసనాలకు బదులుగా ఇచ్చే మందులు ఉన్నాయి, అవి చాలామందిని నిలబెట్టాయి. ఈ ఉత్తేజం కలిగించే మందులకు మాత్రం అలాంటి నిరూపితమైన బదులు మందు ఇప్పటిదాకా లేదు. మాటల ద్వారా చేసే వైద్యం, ఓపికగా అలవాట్లు మార్చుకోవడం, మానిన ప్రతి వారానికీ ఏదో ఒక చిన్న ప్రోత్సాహం ఇవ్వడం, ఇవే ఎక్కువగా పనిచేస్తున్నాయి. మొదటి రోజుల్లో నిద్ర, విపరీతమైన ఆకలి, ఆ వెనుకే చెప్పలేని దిగులు. చచ్చిపోవాలన్న ఆలోచనలు వచ్చేది అప్పుడే. తిని పడుకుంటున్నాడు కదా, నయమైపోయిందని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉండేదీ అప్పుడే. మాకు డాక్టరు ముందే చెప్పడం వల్ల మేము రాత్రిళ్లు వంతులవారీగా మేలుకున్నాం.

ఇంకొకటి నేను చదివి తెలుసుకున్నది. అమెరికాలో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ మేయర్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వ్యసనపరుడికి కాక అతని ఇంట్లోవాళ్లకు శిక్షణ ఇచ్చే పద్ధతి ఒకటి తయారుచేశాడు. 1999లో ప్రచురించిన ఒక పరిశోధనలో, చికిత్సకు రానని మొండికేసిన తాగుబోతుల కుటుంబాల నుంచి 130 మందిని, ఎక్కువమంది స్త్రీలే, మూడు జట్లుగా చేశారు. ఈ శిక్షణ పొందినవాళ్లలో 64 శాతం మంది తమ మనిషిని చికిత్సకు తీసుకురాగలిగారు. అందరూ కలిసి నిలదీసే పద్ధతి నేర్చుకున్నవాళ్లలో 30 శాతం. ఆల్-అనాన్ తరహా సంఘాల బాటలో నడిచినవాళ్లలో 13 శాతం. (ఆల్-అనాన్‌కు న్యాయం చేయాలంటే, వాళ్ల ఉద్దేశం తాగేవాణ్ణి మార్చడం కాదు, ఇంట్లోవాళ్లకు ఊరట ఇవ్వడం.) మాదకద్రవ్యాల విషయంలోనూ తర్వాత దగ్గరదగ్గరగా ఇలాంటి ఫలితాలే వచ్చాయి. ఆ శిక్షణలో ఉన్నదేమిటయ్యా అంటే, మొట్టమొదట స్త్రీ భద్రత. దెబ్బలకు అవకాశం ఉంటే ఎప్పుడు ఇంట్లోంచి వెళ్లిపోవాలి, ఎక్కడికి వెళ్లాలి అన్నది ముందే తేల్చుకోవడం. తర్వాత, వాడు మత్తులో ఉన్నప్పుడు వాదించకుండా, బాగున్నప్పుడు ఒక్క విషయం తక్కువ మాటల్లో చెప్పడం. మానిన రోజున ఇంట్లో మనుషులుగా కలిసి ఉండడం, వాడిన రోజున కోపం లేకుండా దూరంగా జరగడం. వాడి అప్పులు మనం కట్టి, వాడి అబద్ధాలు మనం ఆడి ఆ దెబ్బ వాడికి తగలకుండా అడ్డుపడకపోవడం. తన బతుకు తాను బతకడం, అంటే తన పని, తన స్నేహితులు, తన నిద్ర. వాడు చికిత్సకు వస్తాననే క్షణం వచ్చినప్పుడు ఎక్కడికి తీసుకుపోవాలో ముందే తెలిసి ఉండడం.

చదువుతుంటే నాకు సిగ్గేసింది. వీటిలో మొదటిది, భద్రత, మా కేంద్రం గోడ మీద మేమే రాసిపెట్టుకున్నది.

అందుకని ఇప్పుడు ఏర్పాటు మారింది. తమ్ముడు మా ఇంట్లో పై గదిలో ఉంటున్నాడు, మరదలూ పిల్లవాడూ వాళ్ల ఇంట్లోనే ఉన్నారు. ఇల్లు వదిలి వెళ్లాల్సింది ఆమె కాదని 2005 గృహహింస చట్టం చెబుతున్నది. కావాలంటే 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు అతణ్ణే బయటకు పంపవచ్చు. ఆమె కోర్టుకు వెళ్లలేదు. కానీ దరఖాస్తు రాసి సంతకం పెట్టి మా కేంద్రంలో ఇచ్చి ఉంచింది. ఆ సంగతి వాడికి తెలుసు. ఆటో కిరాయి డబ్బు ఆమె ఖాతాలో పడుతుంది. రాత్రి ట్రిప్పులు మాన్పించాం, దానితో రాబడి సగమైంది. ఆ సగం లోటును ఎవరు పూడుస్తున్నారని మీరు అడగాలి. మరదలు లాడ్‌బజారు గాజులకు ఇంట్లో రాళ్లు అతికించే పని పట్టుకుంది. కళ్లు నొప్పులు, వేళ్లకు లక్క కాలిన మచ్చలు. నేను రాత్రి వంట రెండిళ్లకూ చేస్తున్నాను. మా అమ్మ మనుమణ్ణి చూసుకుంటున్నది. అంటే ఒక మగవాణ్ణి నిలబెట్టడానికి ముగ్గురు ఆడవాళ్లం జీతం లేని ఉద్యోగం చేస్తున్నాం. చేయం అనడం లేదు. దీన్ని ఉద్యోగం అనాలి, లెక్కలో రాయాలి అంటున్నాను.

ఎర్రగడ్డకు వెళ్లి రావడమంటే ఒక రోజు. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి వాడికొక్కడికే టికెట్టు, కానీ పోయిన కూలి ఉచితంగా తిరిగిరాదు. మా గల్లీ చివర బస్తీ దవాఖానా ఉంది. బీపీ చూస్తారు, షుగర్ చూస్తారు. వారానికి రెండు సాయంత్రాలు అక్కడ ఒక శిక్షణ ఉన్న కౌన్సెలర్ కూర్చుంటే ఎంతోమంది ఎర్రగడ్డ దాకా వెళ్లే అవసరం రాకుండా ఆగుతారు, వెళ్లాల్సినవాళ్లు తొందరగా వెళ్తారు. కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ చేత చేయించి 2019లో ప్రచురించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం, మాదకద్రవ్యాలకు బానిసలైనవాళ్లలో 20 మందికి ఒక్కరికే ఎప్పుడైనా ఆసుపత్రిలో ఉండి చికిత్స పొందే అవకాశం దొరికింది. మిగిలిన 19 మందికి ఆసుపత్రి వాళ్ల ఇల్లే, నర్సు వాళ్ల ఇంటి ఆడమనిషే. సూదులు పంచుకుంటే హెచ్.ఐ.వి., హెపటైటిస్ సి వస్తాయని ఆ భార్యలకు చెప్పినవాళ్లు కూడా లేరు. మరదలికి ఆ పరీక్షలు చేయించడం మాకే ఆరు నెలల తర్వాత తట్టింది. ఏమీ లేదని వచ్చింది.

ఎదురింటి ఆపాకు మా సంగతి తెలిసిన రోజున, ఆమె మా వంటింట్లోకి వచ్చి తలుపు వేసి తన రెండోవాడి గురించి చెప్పింది. రెండేళ్లుగా ఎవరికీ చెప్పలేదట. కొడుకు గల్ఫ్ వెళ్లాడని చుట్టాలకు చెప్పి, వాణ్ణి లోపలి గదిలో ఉంచి చూసుకుంటున్నది. ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక మా డాబా మీద ఆరుగురం కూర్చుంటున్నాం. ఇద్దరు తల్లులు, ముగ్గురు భార్యలు, ఒక అక్క. మొదటి రెండు వారాలూ అందరూ మగవాళ్ల గురించే మాట్లాడారు. మూడో వారం ఒకామె తన నడుంనొప్పి గురించి మాట్లాడింది. ఆమె ఆ నొప్పితో రెండేళ్లుగా తిరుగుతున్నది.

తోటి కార్యకర్తలను నేను అడిగేది పెద్దదేమీ కాదు. మన కేంద్రాల్లో కొత్తగా వచ్చిన స్త్రీ గురించి నింపే ఫారంలో "భర్త తాగుతాడా" అని ఒక గడి ఉంది. దాని పక్కన ఇంకొన్ని ప్రశ్నలు చేర్చుదాం. ఆయన ఎన్ని రాత్రులు నిద్రపోకుండా ఉంటున్నాడు? ఉన్నట్టుండి అనుమానం ఎక్కువైందా? ఇంట్లో సూదులు, చిన్న సీసాలు కనిపించాయా? చూసుకునే పని ఎవరు చేస్తున్నారు, ఆమె నిద్రపోతున్నదా? ప్రశ్నలతోపాటు చేతికివ్వడానికి కొన్ని నంబర్లు: మత్తు మానడానికి జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలి-మానస్ 14416, స్త్రీలకు 181. రిజిస్ట్రేషన్ లేని కేంద్రాల పేర్లు మన దగ్గరికి వస్తే వాటి మీద ఫిర్యాదు మనమే రాద్దాం. ఆ కుటుంబం రాయలేదు, ఎందుకంటే సంతకం పెట్టినవాళ్లు వాళ్లే. నా ఫిర్యాదు నేను రాశాను. అందులో నా సంతకం సంగతి కూడా రాశాను.

తమ్ముడు ఆసుపత్రి నుంచి వచ్చాక రెండుసార్లు మళ్లీ తీసుకున్నాడు. రెండోసారి వాడే వచ్చి చెప్పాడు. ఇది రాస్తున్న రోజుకు వాడు మానేసి 71 రోజులు. ఆదివారాలు పిల్లవాణ్ణి చూడడానికి వెళ్తాడు, గుమ్మం బయట అరుగు మీద కూర్చుంటాడు, చీకటి పడకముందే వస్తాడు. తిరిగి ఇంట్లోకి ఎప్పుడు రానిస్తావని మా అమ్మ మరదలిని అడుగుతూనే ఉంటుంది. పోయిన ఆదివారం నా ఎదుటే అడిగింది. మరదలు గాజుకు రాయి అతికిస్తూ తల ఎత్తకుండానే, "ఇంకా ఆలోచిస్తున్న అత్తమ్మా" అంది. అమ్మ నా వైపు చూసింది, నేనేదైనా చెబుతానని. నేను లక్క కరిగించే పొయ్యిలో ఇంకొంచెం బొగ్గు వేశాను.